సోమప్ప లెక్క: ఎమ్మిగనూరు మగ్గం చెప్పే వ్యాపార పాఠం

ఎమ్మిగనూరులో ధర్నా అంటే సోమప్ప సర్కిల్. దళిత సంఘాలు, కూలి సంఘాలు, విద్యార్థులు, ఎవరు రోడ్డెక్కినా చివరికి చేరేది అక్కడికే. మేమూ ఆ సర్కిల్లో నిలబడి నినాదాలిచ్చినవాళ్ళమే. ఎవరి పేరు కింద నిలబడ్డామో చాలాకాలం పట్టించుకోలేదు. పశ్చిమ కర్నూలులో చేతిపనుల వాళ్ళ ఆదాయాల మీద పరిశోధన మొదలుపెట్టాక ఆ పేరు మాకు పదే పదే ఎదురైంది.

మాచాని సోమప్ప నేత మీద బతికిన సామాజిక వర్గం మనిషి. 1938లో ఎమ్మిగనూరు నేతగాళ్ళను కూడగట్టి సహకార సంఘం పెట్టాడు. ఊళ్ళో అందరూ వై.డబ్ల్యు.సి.ఎస్. అని పిలిచే ఎమ్మిగనూరు వీవర్స్ కోఆపరేటివ్ సొసైటీ అదే. 1954లో పద్మ పురస్కారాలు మొదలైన ఏడాదే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక తాలూకా కూడా కాని ఊళ్ళో మగ్గాల మధ్య పనిచేసిన మనిషికి మొదటి జాబితాలోనే చోటు దొరకడం చిన్న విషయం కాదు.

సోమప్ప దళితుడు కాదు. అయినా ఆయన జీవితాన్ని ఇక్కడ చెప్పుకోవాలని మేము అనుకోవడానికి కారణం ఉంది. చిన్న వ్యాపారం ఎలా పెరుగుతుంది అన్న ప్రశ్నకు మన ప్రాంతంలోనే దొరికే గట్టి జవాబు ఆయన పని. ఆ జవాబులోని ముఖ్యమైన సగం మన వాడలకు ఇంతవరకు అందలేదు. అందింది అప్పు ఒక్కటే.

నేతగాడి సొమ్ము ఎక్కడ కారిపోయేది

1938 నాటికి ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలో లేదు. ఆదోని తాలూకాతో పాటు మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. చుట్టూ నల్లరేగడి, పత్తి చేలు. ఆ పత్తి బండ్ల మీద ముప్పై కిలోమీటర్ల దూరంలోని ఆదోనికి పోయేది. అక్కడ జిన్నింగు మిల్లుల్లో గింజ తీసి, బేళ్ళు కట్టి, రైలెక్కించేవాళ్ళు. దూరపు మిల్లుల్లో నూలుగా మారి తిరిగి ఇదే ప్రాంతపు మగ్గాలకు వచ్చేది. పత్తి పండించిన నేల మీదే నేతగాడు నూలు కోసం సావుకారు గడప తొక్కాల్సి వచ్చేది.

నేతగాడి దగ్గర నైపుణ్యం ఉంది, మగ్గం ఉంది. భార్య కండెలు చుడుతుంది, పిల్లలు నూలు అందిస్తారు, ఇంటిల్లిపాదీ కలిసి వీధిలో పడుగు సాచి గంజి పెడతారు. లేనిదల్లా నూలు కొనే రొక్కం. సావుకారు నూలు అప్పుగా ఇస్తాడు, బట్ట తనకే అమ్మాలంటాడు. నూలు ధర కట్టేది ఆయనే, బట్ట ధర కట్టేదీ ఆయనే. ఈ రెండు ధరల మధ్య నేతగాడికి మిగిలేది తిండి ఖర్చు.

ఇది ఎలా పనిచేస్తుందో అర్థం కావడానికి ఒక ఊహా లెక్క వేసుకుందాం. ఒక బట్ట అంగట్లో 100 రూపాయలకు అమ్ముడుపోతుంది అనుకుందాం. దానికి పట్టే నూలు రొక్కానికి కొంటే 45 రూపాయలు. సావుకారు అప్పు మీద ఇచ్చేటప్పుడు దాన్ని 55 కింద రాసుకుంటాడు. బట్టను 75కు తీసుకుంటాడు. నేతగాడి ఇంటికి వచ్చేది 20 రూపాయలు. ఇప్పుడు వంద మంది నేతగాళ్ళు కలిసి నూలు టోకున రొక్కానికి కొని, బట్ట తామే అమ్మితే? నూలు 45కే పడుతుంది. అద్దకానికి, రవాణాకు, అంగడి ఖర్చులకు 10 తీసి పక్కన పెట్టినా, నేతగాడికి 45 మిగులుతుంది. ఒక్క గజం కూడా ఎక్కువ నేయలేదు, పనిగంట కూడా పెరగలేదు. రాబడి మాత్రం రెండింతలు దాటింది.

సోమప్ప పట్టుకున్న లెక్క ఇదేనని మా అవగాహన. నేతగాడిని ఇంకా కష్టపడు, ఇంకా పొదుపు చెయ్యి అని చెప్పి లాభం లేదు. అతను అప్పటికే పొద్దు పొడవకముందే గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునేవాడు. సొమ్ము కారిపోయేది మగ్గం దగ్గర కాదు. మగ్గానికి ముందు నూలు దగ్గర, మగ్గం తర్వాత బట్ట దగ్గర.

సంఘం అంటే ఏమిటి

సహకార చట్టం సోమప్పతో పుట్టలేదు. దేశంలో మొదటి చట్టం 1904లో వచ్చింది, 1912లో దాన్ని విస్తరించారు, మద్రాసు రాజధాని 1932లో తన సొంత చట్టం చేసుకుంది. 1935లో మద్రాసులో రాష్ట్ర స్థాయి చేనేత సహకార సంఘం ఏర్పడింది. కాగితం మీద దారి ఉంది. ఆ దారిన నడిచిన సంఘాలు చాలావరకు అప్పులిచ్చి, వసూలు చేసుకోలేక మూతపడేవి.

చేనేత ఉత్పత్తి సంఘం పద్ధతి వేరు. సభ్యుడు వాటా సొమ్ము కడతాడు. సంఘం నూలు కొని ఇస్తుంది. సభ్యుడు నేసి తెచ్చిన బట్టను సరిచూసుకుని మజూరీ చెల్లిస్తుంది. మజూరీలోంచి కొంత పొదుపు ఖాతాలో పడుతుంది. బట్ట అమ్మే పని సంఘానిది. ఏడాది చివర లాభం మిగిలితే సభ్యులకు పంచుతుంది. ఇందులో డబ్బు నేతగాడి చేతికి అప్పుగా రాదు, సరుకుగా వస్తుంది. కాబట్టి పెళ్ళి ఖర్చుకో, పాత బాకీకో కరిగిపోదు. చిన్న వ్యాపారానికి పెట్టుబడి ఏ రూపంలో అందాలి అన్నదానికి ఇంతకన్నా సూటి జవాబు మాకు కనిపించలేదు.

బట్టను సరిచూసుకోవడం పైకి చిన్న పనే. పేరును నిలబెట్టేది అదే. విడివిడిగా అమ్మే నేతగాడు నాణ్యమైన బట్ట తెచ్చినా సంతలో అది గుర్తులేని బట్టే. ఒకే కొలత, ఒకే పోగు, రంగు దిగని అద్దకం అని సంఘం పూచీ పడితే అది ఎమ్మిగనూరు బట్ట అవుతుంది. ఎమ్మిగనూరు దుప్పట్లకు, టవళ్ళకు, పరదా బట్టలకు ఊరి పేరే గుర్తుగా నిలవడం వెనక ఉన్నది ఇది. చీర, పంచెల్లో మిల్లులతో పోటీ పడటం కష్టం. ఇళ్ళల్లో వాడుకునే బట్టకు వేరే కొనుగోలుదారు ఉంటాడు, ధర కూడా వేరు. సరుకు మార్చుకోవడం, కొనేవాణ్ణి మార్చుకోవడం ఇక్కడ కలిసే జరిగాయి.

అదే 1938లో మరో కుర్రాడు

ఎమ్మిగనూరుకు తూర్పున, కర్నూలును ఆనుకుని పెదపాడు. 1921 ఫిబ్రవరి 14న అక్కడ ఒక మాల ఇంట్లో దామోదరం సంజీవయ్య పుట్టాడు. సొంత భూమి లేని ఇల్లు. నేత పని, కూలి పని ఆ ఇంటి బతుకు. పుట్టిన కొద్దిరోజులకే తండ్రి మునెయ్య చనిపోయాడు. పసివాణ్ణి తీసుకుని తల్లి సుంకులమ్మ పుట్టింటివాళ్ళ ఆసరాకు పాలకుర్తి వెళ్ళింది. అక్కడ పశువులు కాసి, తిరిగి పెదపాడు చేరి, మిషనరీ బడిలో, మునిసిపల్ బడిలో చదువుకుని, 1938లో ఎస్.ఎస్.ఎల్.సి.లో జిల్లాకే మొదటివాడిగా నిలిచాడు.

సోమప్ప సంఘం పెట్టిన ఏడాదే అది. ఒకరు మగ్గాన్ని వ్యాపారంగా నిలబెడుతుంటే మరొకరు మగ్గం ఉన్న ఇంటి నుంచి చదువు పట్టుకుని బయటపడుతున్నారు. మగ్గం రెండు చోట్లా ఉంది, దారులు మాత్రం వేరయ్యాయి.

మాలలు నేతగాళ్ళన్న సంగతి నేడు మనలోనే చాలామందికి తెలియదు. 1909లో థర్స్టన్ అచ్చువేసిన కులాల గ్రంథంలో మాలలు ముతక బట్ట నేసేవాళ్ళన్న వివరం ఉంది. తెలంగాణలో నేతకాని అనే కులం షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉంది, ఆ పేరులోనే నేత ఉంది. మాలో ఒకరి తాతగారింట్లో మొన్నమొన్నటిదాకా మగ్గం గుంట ఉండేది. జొన్నల మూటలు దాచుకోవడానికి వాడేవాళ్ళు. అది ఎందుకు తవ్వారని పిల్లలు అడిగితే పెద్దవాళ్ళు మాట మార్చేవాళ్ళు.

ఆ మాల మగ్గం మీద నేసిన ముతక బట్ట కట్టింది కూలిజనం. మిల్లు బట్ట చవకగా దిగగానే మొదట దెబ్బతిన్నది ఈ ముతక నేతే. కొనేవాళ్ళు పేదవాళ్ళు, నేసేవాళ్ళూ పేదవాళ్ళు. సావుకారు కూడా ఈ మగ్గం మీద నూలు అప్పు పెట్టడానికి వెనకాడేవాడు. పట్టు, జరీ, సన్ననూలు నేసే కులాలకు సావుకారు దోపిడీ ఉంది. మన గేరికి ఆ దోపిడీ చేసే సావుకారు కూడా దక్కలేదు. చాలా ఇళ్ళల్లో మగ్గం ఆగిపోయింది. చేతులు పొలం కూలికి మళ్ళాయి.

నూలు కరువు

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. నేత గురించి దేశమంతా తిరిగి విచారించిన పి.జె. థామస్ కమిటీ 1942లో నివేదిక ఇచ్చింది. నేతగాళ్ళు మాస్టర్ వీవర్ల కింద, వ్యాపారుల కింద ఎలా కూలీలుగా మారుతున్నారో అందులో వివరంగా ఉంది. 1943లో నూలు, బట్టల మీద ప్రభుత్వ నియంత్రణ వచ్చింది. నూలు బహిరంగ సంతలోంచి మాయమై రేషన్ సరుకైంది.

రేషన్ నూలు పంపకంలో సహకార సంఘాలకు చోటు దొరికాక సంఘం ఉన్న ఊరికీ లేని ఊరికీ తేడా తెలిసివచ్చింది. లెక్కల పుస్తకం, సభ్యుల జాబితా, మగ్గాల సంఖ్య సిద్ధంగా ఉన్నచోట నూలు అందుకోవడం తేలిక. విడిగా ఉన్నవాడు నల్లబజారులో కొనాలి, లేదా మగ్గం ఆపాలి. సోమప్ప సంఘం యుద్ధానికి ముందే పుట్టి ఉండటం ఎంత పెద్ద అదృష్టమో ఇక్కడ తెలుస్తుంది. మంచి రోజుల్లో కట్టుకున్న సంస్థే చెడ్డ రోజుల్లో అక్కరకొస్తుంది. వ్యాపారం నడిపే ప్రతి ఒక్కరూ ఇది గుర్తుంచుకోవాలి.

ఆ యుద్ధకాలంలోనే పట్టభద్రుడైన సంజీవయ్య కర్నూలులో రేషనింగ్ కార్యాలయంలో గుమాస్తాగా చేరాడు. సరుకు కొరత ఉన్నప్పుడు కాగితం ఎవరి పక్షాన పనిచేస్తుందో దగ్గరి నుంచి చూడగల ఉద్యోగం అది. తర్వాత మద్రాసు వెళ్ళి లా చదివాడు.

మగ్గం ఇంటి నుంచి సహకార మంత్రి

1952లో రాజగోపాలాచారి మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ మంత్రివర్గంలో సహకారం, గృహనిర్మాణం శాఖలు సంజీవయ్యకు దక్కాయి. అప్పటికి ఆయనకు 31 ఏళ్ళు. ఎమ్మిగనూరు అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అంటే సోమప్ప సంఘం లాంటి సంఘాలన్నీ ఏ శాఖ కిందికి వస్తాయో ఆ శాఖకు మంత్రి, నేత పని తెలిసిన మాల ఇంటి బిడ్డ.

ఆ సమయం చేనేతకు గడ్డుకాలం. అమ్ముడుపోని బట్ట గుట్టలు పడింది. మద్రాసు రాష్ట్రంలో నేతగాళ్ళు పస్తులున్నారు, గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. పంచెలు, చీరలు చేనేతకే వదలాలని రాజాజీ కేంద్రాన్ని గట్టిగా అడిగాడు. 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్ట మీద అదనపు సుంకం వేసి, ఆ సొమ్మును ఖాదీ, చేనేతల అభివృద్ధికి మళ్ళించే చట్టం వచ్చింది. అందులో చేనేతకు అందిన సొమ్ము ఎక్కువగా సహకార సంఘాల ద్వారానే పారింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఎమ్మిగనూరు ఎదుగుదలను ఒక మనిషి తెలివి, నేతగాళ్ళ ఐకమత్యం అని మాత్రమే చెప్పుకోవడం అలవాటు. అవి రెండూ నిజమే. కానీ దాని వెనక చట్టం ఉంది, రేషన్ నూలు ఉంది, మిల్లు మీద వేసిన సుంకం ఉంది. ప్రజల సొమ్ము అండ లేకుండా ఏ చిన్న వ్యాపారమూ మిల్లుకు ఎదురు నిలవలేదు. దళితులకు రాయితీ ఇస్తే సొంత కాళ్ళ మీద నిలబడరని వాదించేవాళ్ళు ఈ సంగతి దాటేస్తారు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి నుంచి విడిపోయి ఆంధ్రలో కలిశాయి. ఆ మరుసటి ఏడాది సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. సంజీవయ్య 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. తర్వాత కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. మిగులులో పనివాడికీ వాటా ఉండాలన్నదే బోనస్ చట్టం వెనకున్న ఆలోచన. నేత సంఘం ఏడాది చివర సభ్యులకు లాభం పంచడంలో ఉన్నదీ అదే ఆలోచన. 1972 మేలో ఆయన కన్నుమూశాడు.

ఇల్లు కూడా పెట్టుబడే

ఎమ్మిగనూరులో వీవర్స్ కాలనీ చూసినవాళ్ళకు ఇంకో విషయం అర్థమవుతుంది. నేతగాడికి ఇల్లంటే పని స్థలం. గుంట తవ్వడానికి నేల కావాలి, వాన పడితే పడుగు తడవని కప్పు కావాలి, నూలు పెట్టుకోవడానికి ఎలుకలు చేరని మూల కావాలి, పడుగు సాచడానికి వీధి కావాలి. సంఘం పేరుతో కాలనీ వెలిసిందంటే సభ్యుడి ఉత్పత్తి సాధనం భద్రమైందని అర్థం.

మన గేరిలో ఇరవై గజాల స్థలంలో మూడు కాపురాలు. మగ్గం గుంట ఎక్కడ తవ్వాలి? చెప్పుల పనికి తోలు ఎక్కడ ఆరబెట్టాలి? బ్యాంకు వాళ్ళు తనఖా అడిగితే ఏ పట్టా చూపాలి? సహకార సంఘం తలుపు చట్టం ప్రకారం అందరికీ తెరిచే ఉంటుంది. లోపలికి అడుగుపెట్టాలంటే మగ్గం, వాటా సొమ్ము, జామీను కావాలి. ఈ మూడింటినీ ఎవరికివ్వాలో కులం ముందే నిర్ణయించి పెట్టింది. కులం పనిని మాత్రమే పంచలేదు, పనివాళ్ళను పంచిందని అంబేద్కర్ 1936లోనే కుల నిర్మూలన గ్రంథంలో వాదించాడు. నేత ఒక్కటే అయినా నేతగాళ్ళు ఒక్కటి కాలేదు. మన ప్రాంతపు మగ్గాలే దానికి సాక్ష్యం.

అందుకే సోమప్పను మేము గౌరవంతోనే చదువుతాం, పూజించం. ఆయన కనిపెట్టిన తాళంచెవి మంచిది. ఆ తాళంచెవితో తెరుచుకోవాల్సిన తలుపులు ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇప్పుడు మనకేం పనికొస్తుంది

కాలం మారింది. మరమగ్గాలు వచ్చాయి, సంఘం పాత వెలుగు తగ్గింది, నేత కుటుంబాల పిల్లలు వేరే పనులకు వెళ్ళారు. 1985లో చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకించి చట్టం చేసినా మరమగ్గం ఆగలేదు. కొత్త సరుకు, కొత్త కొనుగోలుదారు కోసం వెతుకులాట ఆగిన చోట ఏ సంఘమైనా ఇలాగే చిక్కిపోతుంది. ఎమ్మిగనూరు ఎదుగుదల నుంచే కాదు, దాని క్షీణత నుంచి కూడా ఇది నేర్చుకోవచ్చు.

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం పల్లెల నుంచి ఏటా వేల కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడాలకు. వాళ్ళలో ఎక్కువమంది దళితులు, వెనకబడిన కులాలవాళ్ళు. ఇంటి దగ్గరే ఒక చిన్న పని నిలబడితే పిల్లల బడి ఆగదు. చిన్న వ్యాపారం పెరగడమంటే మన గేరిలో అర్థం అదే. ఇంటికి తాళం పడకుండా ఉండటం.

దీనికి ప్రభుత్వం చెప్పే మందు రుణం. 2016లో వచ్చి 2025 మార్చి దాకా నడిచిన స్టాండప్ ఇండియా ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పివ్వాలంది. మంచిదే. కానీ చెప్పులు కుట్టే అన్నకు, కుట్టు మిషన్ మీద జాకెట్లు కుట్టే అక్కకు 10 లక్షల అప్పు ఏం చేసుకోవాలి? వాళ్ళ సొమ్ము కారిపోతున్నది అప్పు లేకపోవడం వల్ల మాత్రమే కాదు. తోలు చిల్లరగా కొనడం వల్ల, చెప్పులు వ్యాపారి పెట్టిన ధరకు ఇచ్చేయడం వల్ల. 1938 నాటి నేతగాడి లెక్కే ఇది. నూలు స్థానంలో తోలు వచ్చింది.

మాకు తోచిన నాలుగు మాటలు ఇవి. మొదటిది, ఒక్కొక్కరుగా అప్పు తీసుకునే ముందు పదిమంది కలిసి ముడిసరుకు టోకున కొనండి. మొదటి లాభం అమ్మకంలో కాదు, కొనుగోలులో కనిపిస్తుంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార చట్టం కిందగానీ, పదిమంది ఉత్పత్తిదారులు చాలనే ప్రొడ్యూసర్ కంపెనీ కిందగానీ నమోదు కావచ్చు. రెండోది, ఒకే కొలత, ఒకే నాణ్యత, ఒకే పేరు పెట్టుకోండి. నాసిరకం వస్తే మనవాడిదైనా వెనక్కి పంపండి. మూడోది, ఇంటి ఆడవాళ్ళ పనిని లెక్కలో రాయండి. కండెలు చుట్టిన చేతులకు మజూరీ కట్టకుండా వేసిన లాభం దొంగ లాభం. నాలుగోది, ప్రభుత్వాన్ని కొనమని అడగండి. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012 నుంచి ఉత్తర్వు ఉంది. మన సంక్షేమ వసతి గృహాల్లో పిల్లలు కప్పుకునే దుప్పటి, వేసుకునే చెప్పులు మన సంఘాలే ఎందుకు చేయకూడదని రాష్ట్ర ప్రభుత్వాన్నీ అడగాలి.

ఈ నాలుగో మాట కోసం మళ్ళీ సోమప్ప సర్కిల్‌కే రావాలి. ఇన్నాళ్ళూ పింఛను కోసం, ఇంటి పట్టా కోసం అక్కడ కూర్చున్నాం. అవి వదిలేయమని మేము అనడం లేదు. ఈసారి వచ్చేటప్పుడు మన పల్లెల్లో చేసిన సరుకు కూడా వెంట తెచ్చి, దాని ధర, దానికైన ఖర్చు అట్ట మీద రాసి పెడదాం. కొనమని అడుగుదాం. లెక్క తెలిసిన మనిషి పేరున్న చోట అది తప్పుగా అనిపించదు.